మోకాలి గుజ్జు ఊడిపోయింది, ఆపరేషన్ ఏది మంచిది? (తుంటి నొప్పి ఉన్నవాళ్లు కూడా ఇక్కడే అడగండి)

రవళి_ఖమ్మం
అందరికీ నమస్కారం. మా తమ్ముడికి 27 ఏళ్లు. కబడ్డీ పిచ్చి, జిల్లా జట్టులో ఆడాడు. చాలా నెలలుగా కుడి మోకాలు లోపలి వైపు నొప్పి. మెట్లు దిగేటప్పుడు ఎక్కువ. ఆడితే మర్నాటికి వాపు. ఎమ్మారై తీస్తే తొడ ఎముక కింది చివర, లోపలి వైపు, గుజ్జు పూర్తి మందాన ఊడిపోయిందని, ఆ ఖాళీ 1.5 × 1.2 సెంటీమీటర్లని రాశారు.

ఒక డాక్టరు గారు మైక్రోఫ్రాక్చర్ చేద్దామన్నారు. ఇంకొకరు కణాలు ల్యాబ్‌లో పెంచి అతికిస్తే శాశ్వతం అన్నారు, దాని ఖర్చు వింటేనే భయమేసింది. మూడో ఆయన ముందు వ్యాయామాలు చేయించండి, తర్వాత చూద్దాం అన్నారు. ఎవరి మాట వినాలో తెలియక ఇంట్లో అందరికీ టెన్షన్. ఇలాంటి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు, తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

సుబ్బారావు_తెనాలి
అమ్మా, నాకు 66. రెండు మోకాళ్లూ అరిగిపోయి మార్పిడి చేయించుకున్నాను. ఇప్పుడు హాయిగా నడుస్తున్నాను. కానీ 27 ఏళ్ల కుర్రాడికి మార్పిడి మాట ఎవరన్నా ఎత్తితే మాత్రం ఒప్పుకోకండి. తమ్ముడిది, నాది ఒకటే జబ్బా కాదా అన్నది ముందు అడగండి.

ఎముకల_వార్డు
సుబ్బారావు గారు సరైన చోట పట్టుకున్నారు. నేను విశాఖలో ఎముకల డాక్టర్ని. ఫిల్ములు చూడకుండా ఇది చేయించుకోండి అని చెప్పను. కానీ ఆ ముగ్గురు డాక్టర్లు ఎందుకు మూడు రకాలుగా చెప్పారో చెప్పగలను.

పెద్దవాళ్లలో అరుగుదల అంటే కీలు మొత్తం పాడవడం. గుజ్జు పలచబడుతుంది, ఎముక చివర్లు మొనదేరతాయి, కాలు వంకర తిరుగుతుంది. మీ తమ్ముడిది అది కాదు. చుట్టూ గుజ్జు బాగానే ఉండి ఒక్క చోట మాత్రం పెచ్చు ఊడింది. గుజ్జు ఆపరేషన్లన్నీ ఇలాంటి పెచ్చుల కోసం పుట్టినవే. మొత్తం అరిగిన మోకాలికి ఇవి పనిచేయవు.

గుజ్జు మందం 2 నుంచి 4 మిల్లీమీటర్లు. దానికి రక్తనాళాలు లేవు, నరాలు లేవు. కీలులో ఉండే జిగురు ద్రవమే దానికి ఆహారం. రక్తం అందదు కాబట్టి చర్మం మీద గాయంలా దానంతట అది మానదు. నరాలు లేవు కాబట్టి చాలా రోజులు నొప్పి కూడా తెలియదు. కింది ఎముక మీద భారం పడడం మొదలయ్యాకే నొప్పి, వాపు.

మైక్రోఫ్రాక్చర్: 1980లలో అమెరికాలో కొలరాడో రాష్ట్రం వేల్ పట్టణంలో రిచర్డ్ స్టెడ్‌మన్ అనే సర్జన్ దీన్ని వాడుకలోకి తెచ్చాడు. దూరబీనుతో, అంటే చిన్న గాటు గుండా కీలు లోపల చూసే కెమెరా గొట్టంతో చూస్తూ, ఖాళీ అయిన చోట ఎముకకి 3, 4 మిల్లీమీటర్ల ఎడంలో చిన్న చిన్న రంధ్రాలు వేస్తారు. మూలుగ నుంచి రక్తం ఊరి గడ్డకట్టి, నెలల మీద ఒక కొత్త పొరగా మారుతుంది. అయితే అది అసలు గుజ్జు కాదు, నారలాంటి గుజ్జు, బలం తక్కువ. మొదటి ఒకట్రెండేళ్లు చాలామందికి బాగుంటుంది. ఆ తర్వాత కొందరిలో తగ్గుతూ వస్తుంది. రెండు చదరపు సెంటీమీటర్ల లోపు ఖాళీలకి, బరువు తక్కువున్న కుర్రవాళ్లకి నప్పుతుంది.

మొజాయిక్ పద్ధతి: హంగరీ సర్జన్ లాస్లో హాంగోడీ 1992లో మొదలుపెట్టాడు. మోకాల్లోనే భారం తక్కువ పడే అంచు నుంచి గుజ్జు, దాని కింది ఎముక కలిపి చిన్న కడ్డీల్లా తీసి ఖాళీలో దిగగొడతారు. అసలు గుజ్జే వస్తుంది. కానీ తీసుకునే చోటు కొంచెమే, అందుకే పెద్ద ఖాళీలకి సరిపోదు. మీకు దీని గురించి ఎవరూ చెప్పినట్టు లేదు, అడగండి.

కణాలు పెంచడం: స్వీడన్‌లోని గోటెబోర్గ్‌లో 1987లో మొదలైంది. 1994లో 23 మంది రోగుల ఫలితాలు అచ్చయ్యాక ప్రపంచమంతా పాకింది. ఒక ఆపరేషన్‌లో చిన్న ముక్క తీస్తారు, ల్యాబ్‌లో వారాలపాటు కణాలు పెంచుతారు, రెండో ఆపరేషన్‌లో అతికిస్తారు. దీని అసలు ఉపయోగం పెద్ద ఖాళీలకి. మీ తమ్ముడిది లెక్కేస్తే 1.8 చదరపు సెంటీమీటర్లు. అంత చిన్నదానికి మొదటే అక్కడికి పోవాలా అని నేనైతే ఆ డాక్టరు గారినే నేరుగా అడుగుతాను. "శాశ్వతం" అని ఈ మూడింటిలో దేని గురించీ ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఇప్పుడు నా ప్రశ్నలు. రిపోర్టులో ఏసీఎల్ (మోకాలు జారకుండా లోపల పట్టి ఉంచే లిగమెంట్) గురించి ఏం రాశారు? మెనిస్కస్ (మోకాలి ఎముకల మధ్య దిండులాంటి పట్టీ) గురించి? నిలబెట్టి తుంటి నుంచి చీలమండ దాకా కాలు మొత్తం ఎక్స్‌రే తీశారా?

రవళి_ఖమ్మం
చాలా థాంక్స్ సార్. ఇప్పుడే మళ్లీ చదివాను. ఏసీఎల్ దగ్గర "పాత గాయం, పూర్తిగా తెగింది" అని ఉంది. మెనిస్కస్ బాగానే ఉందట. పొడుగు ఎక్స్‌రే ఎవరూ రాయలేదు. మూడో డాక్టరు గారు మోకాలు అటూ ఇటూ లాగి చూసి లిగమెంట్ సంగతి ఏదో చెప్పారు, మా చెవులకి గుజ్జు మాట ఒక్కటే వినపడింది. తమ్ముడు కూడా కూతకెళ్లి తిరిగేటప్పుడు మోకాలు జారినట్టుంటుందని రెండేళ్లుగా అంటున్నాడు.

ఎముకల_వార్డు
అయితే మూడో ఆయన మాట జాగ్రత్తగా వినండి. కబడ్డీలో చీలమండ పట్టి లాగినప్పుడు పైనున్న మోకాలు మెలి తిరుగుతుంది, ఏసీఎల్ తెగడం మామూలే. తెగిన మోకాలు ప్రతి మలుపులో జారుతూ గుజ్జుని గీకుతుంది. ఆ వదులు సరిచేయకుండా పైన ఎంత ఖరీదైన గుజ్జు అతికించినా, బోల్టు ఊడిన చక్రానికి కొత్త టైరు వేసినట్టే. చాలాసార్లు లిగమెంట్, గుజ్జు రెండూ ఒకే ఆపరేషన్‌లో చూసుకుంటారు. కాలు దొడ్డిగా వంగి ఉంటే, అంటే భారమంతా లోపలి వైపే పడుతుంటే, మోకాలి కింది ఎముకని కోసి నిటారు చేయాల్సి రావచ్చు. అందుకే ఆ పొడుగు ఎక్స్‌రే అడిగాను. అది ఖరీదైన పరీక్ష కాదు.

ఫిజియో_మాధవి
విజయవాడ నుంచి. ఆపరేషన్ పేరు మీద ఇంత చర్చ జరుగుతుంది, తర్వాతి సంగతి ఎవరూ అడగరు, అదే నా బాధ. భారం పడే చోట మైక్రోఫ్రాక్చర్ చేస్తే దాదాపు ఆరు వారాలు చంక కర్రలు, ఆ కాలు మీద పూర్తి బరువు వేయకూడదు. కానీ మోకాలు వంచడం మొదటి రోజుల నుంచే మొదలుపెట్టాలి. కదలిక ఉంటేనే ఆ కొత్త పొర సరిగ్గా తయారవుతుంది. తర్వాత స్టాండు సైకిలు, ఆ తర్వాత తొడ బలం. మళ్లీ ఆట అంటే సుమారు ఏడాది మాట. రవళి గారూ, తమ్ముడు ఏం పని చేస్తాడు? అన్ని రోజులు కూర్చోబెట్టి జీతమిచ్చే ఉద్యోగమేనా? ఈ లెక్క చూసుకున్నాకే తేదీ పెట్టించుకోండి.

ఆపరేషన్‌కి ముందు చేసిన వ్యాయామం ఎక్కడికీ పోదు. తొడ కండ బలంగా ఉన్న కాలు త్వరగా లేస్తుంది.

రవళి_ఖమ్మం
ప్రైవేటు స్కూల్లో పీఈటీ (ఆటల టీచరు) అక్కా. వేసవి సెలవులు కలిసేలా చూడాలి అయితే.

మిల్పిటాస్_శ్రీను
నేను కాలిఫోర్నియాలో ఉంటాను. నాకు మోకాలి చిప్ప వెనక పెద్ద ఖాళీ ఉంటే కణాలు పెంచి అతికించే ఆపరేషన్ చేశారు. ఇక్కడ పంది నుంచి తీసిన పలుచటి పొర మీద కణాలు పరిచి అతికించే రకానికి 2016 డిసెంబరులో అనుమతి వచ్చింది. ఇన్సూరెన్స్ వాళ్లు ముందు వ్యాయామం చేశావా, బరువెంత, కాలు నిటారుగా ఉందా అని అన్నీ అడిగాకే ఒప్పుకున్నారు. అప్పుడు విసుగొచ్చింది కానీ, అడిగినవన్నీ అవసరమైనవే అని ఇప్పుడు ఇక్కడ చదువుతుంటే తెలుస్తోంది. నా పరిస్థితి: మెట్లు, నడక, సైకిలు బాగున్నాయి. పరుగు మానేశాను. ఆ తొడ ఇప్పటికీ రెండోదానికంటే సన్నమే. నొప్పితో లేచే పొద్దుళ్లు మాత్రం పోయాయి, నాకది చాలు.

వెంకీ_నెల్లూరు
అంత కోతలెందుకు? స్టెమ్ సెల్ (మూలకణాల) ఇంజెక్షన్ ఒకటి వేస్తే గుజ్జు మళ్లీ పెరుగుతుందని ఫేస్‌బుక్‌లో వీడియో వచ్చింది. హైదరాబాద్‌లోనూ వేస్తారట.

ఎముకల_వార్డు
వెంకీ గారూ, మీరు మంచి మనసుతోనే చెప్పారని తెలుసు, కానీ ఇది చదివి ఎవరైనా పొలం అమ్ముకుంటారేమోనని భయంగా ఉంది. దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రక్త జబ్బుల్లాంటి వాటికి చేసే మూలుగ మార్పిడి తప్ప మిగతా స్టెమ్ సెల్ వాడకమంతా ఇంకా పరిశోధనే. అనుమతి తీసుకున్న ప్రయోగంలో భాగంగా తప్ప చేయకూడదు, ప్రయోగమైతే రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. పీఆర్‌పీ ఇంజెక్షన్ అనేది వేరు, మీ రక్తం నుంచే ప్లేట్‌లెట్లు ఎక్కువున్న భాగం తీసి వేస్తారు. అరుగుదల మొదట్లో ఉన్న కొందరికి కొన్నాళ్లు నొప్పి తగ్గుతుంది. అది ఊడిన పెచ్చుని నింపదు.

సుబ్బారావు_తెనాలి
డాక్టరు గారూ, మా ఆవిడకి 61. ఆమెకీ అరుగుదల మొదలైంది. దూరబీను పెట్టి లోపల కడిగి శుభ్రం చేస్తే మార్పిడి తప్పుతుందని ఒకచోట అన్నారు. చేయించమంటారా?

ఎముకల_వార్డు
వద్దండి. దీని మీద చాలా గట్టి పరిశోధన ఉంది. అమెరికాలో హ్యూస్టన్‌లో 180 మంది మాజీ సైనికుల్ని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి లోపల గీకి శుభ్రం చేశారు, ఒక గుంపుకి కడిగారు, మూడో గుంపుకి చర్మం మీద గాట్లు పెట్టి కుట్టేశారు, అంతే. రెండేళ్లు చూస్తే మూడు గుంపుల నొప్పిలోనూ తేడా లేదు. 2002లో అచ్చయింది. వయసు మీద చిరిగిన మెనిస్కస్‌ని కత్తిరించడం గురించి ఫిన్లండ్‌లో 2013లో ఇలాగే చూస్తే అలాంటి ఫలితమే వచ్చింది. అమ్మగారికి తొడ వ్యాయామాలు, బరువు తగ్గడం ముందు. ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. అవి చేసినా రాత్రి నిద్ర పట్టనంత నొప్పి ఉంటే అప్పుడు మార్పిడి గురించి మాట్లాడుకుందాం.

పద్మజ_నిజామాబాద్
తుంటి గురించి కూడా అడగొచ్చన్నారు కదా. మావారికి 38. కరోనా రెండో వేవ్‌లో ఆస్పత్రిలో చేర్చినప్పుడు స్టెరాయిడ్లు బాగా వాడారు, ప్రాణం నిలబడింది. ఆ తర్వాత కొంతకాలానికి కుడి గజ్జలో నొప్పి మొదలైంది. నడుము నరం పట్టిందని ఒకచోట చాలా రోజులు బిళ్లలిచ్చారు. తుంటి ఎక్స్‌రే బాగుందన్నారు. చివరికి కుంటడం మొదలయ్యాక ఎమ్మారై తీస్తే రెండు తుంటిలూ ఏవీఎన్ (రక్తం అందక ఎముక చచ్చిపోయే జబ్బు) అని వచ్చింది. కుడివైపు మూడో స్టేజ్, ఎడమవైపు రెండు. ఎడమవైపు అసలు నొప్పే లేదు. కుడివైపు మార్పిడి, ఎడమవైపు కోర్ డీకంప్రెషన్ అంటున్నారు. నొప్పి లేని కాలికి ఆపరేషన్ ఎందుకని ఆయన ఒప్పుకోవడం లేదు.

ఎముకల_వార్డు
పద్మజ గారూ, ఆయన చేత ఇది చదివించండి.

తుంటి బంతి గిన్నె కీలు. తొడ ఎముక పై చివర ఉన్న బంతికి రక్తం తెచ్చే నాళాలు సన్నవి, కొన్నే. స్టెరాయిడ్లు, మద్యం, తుంటి మెడ విరగడం, సికిల్ సెల్ అనే పుట్టుకతో వచ్చే రక్త జబ్బు, ఇలా ఏ కారణంగానైనా ఆ రక్తం ఆగితే లోపలి ఎముక చచ్చిపోతుంది. మొదట్లో బంతి ఆకారం మారదు, అందుకే ఎక్స్‌రే బాగున్నట్టే ఉంటుంది. ఎమ్మారైలో మాత్రం తెలుస్తుంది. ఆ తర్వాత, బరువు మోస్తూ మోస్తూ ఒకరోజు చచ్చిన ఎముక కుంగుతుంది. గుండ్రటి బంతి చదునవుతుంది. అక్కడి నుంచి దాన్ని వెనక్కి తేలేం, గిన్నె కూడా పాడవుతుంది, మిగిలేది మార్పిడే.

కోర్ డీకంప్రెషన్ అంటే తొడ పక్క నుంచి బంతి లోపలి దాకా సన్నటి సొరంగం తవ్వి, లోపలి ఒత్తిడి తగ్గించి, కొత్త రక్తనాళాలకి దారివ్వడం. కొన్నిసార్లు ఎముక పొడి కూడా నింపుతారు. ఇది పనిచేసేది కుంగకముందే, అంటే రెండో స్టేజ్ దాకా. మీవారి ఎడమ తుంటికి నొప్పి లేదు అని మీరన్నారే, ఆ తుంటిని కాపాడుకోగలిగే సమయం ఇదే. అందరికీ ఆగుతుందని చెప్పను. చచ్చిన భాగం ఎంత పెద్దది, భారం పడే చోట ఉందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. అది మీ సర్జన్ని ఫిల్ము చూపించి చెప్పమనండి.

మోకాలి గుజ్జు విషయంలో రవళి గారు నిదానంగా ఆలోచించుకోవచ్చు. మీకు అలా చెప్పలేను. తుంటిలో ఏవీఎన్‌కి వారాలు విలువైనవి.

ఇంకొకటి. ఎవరైనా ఇప్పుడు స్టెరాయిడ్లు వాడుతుంటే ఇది చదివి మీ అంతట మీరు ఆపేయకండి, ఒక్కసారిగా ఆపితే ప్రాణానికే ప్రమాదం. రాసిన డాక్టరుతో మాట్లాడండి.

ఉట్నూరు_అరుణ
సార్, మా చెల్లికి సికిల్ సెల్. దానికి కూడా తుంటి ఇలాగే పోయింది, 24 ఏళ్లే. ఆపరేషన్ తట్టుకోలేదని ఊళ్లో అందరూ భయపెడుతున్నారు.

ఎముకల_వార్డు
తట్టుకుంటుందమ్మా, సిద్ధం చేసి చేస్తే. రక్త జబ్బుల డాక్టరు, మత్తు డాక్టరు ముందే కలిసి చూడాలి. అవసరమైతే ముందు రక్తం ఎక్కిస్తారు. ఆపరేషన్ అప్పుడు చలి తగలకూడదు, నీరు తగ్గకూడదు, ఆక్సిజన్ తగ్గకూడదు. అందుకే చిన్న నర్సింగ్ హోంలో వద్దు. ఈ విభాగాలన్నీ ఒకేచోట ఉండే హైదరాబాద్ నిమ్స్ లాంటి పెద్దాసుపత్రిలో చూపించండి. చెల్లికి జ్వరంతో కలిసి తుంటి నొప్పి వస్తే మాత్రం ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి, చీము పట్టి ఉండొచ్చు.

కాకినాడ_అమ్మ
నమస్తే అండి. మా బాబుకి 12 ఏళ్లు, కొంచెం లావు. మూడు వారాలుగా ఎడమ మోకాలు నొప్పి అంటున్నాడు, కుంటుతున్నాడు. మోకాలి ఎక్స్‌రే తీస్తే ఏమీ లేదు, ఎదిగే పిల్లల నొప్పులు అన్నారు. మీరంతా మోకాళ్ల గురించి మాట్లాడుతున్నారు కదా, ఏ నూనె రాయమంటారు?

ఎముకల_వార్డు
అమ్మా, ఇది చూడగానే బాబుని నడవనివ్వకండి. ఎత్తుకునో చక్రాల కుర్చీలోనో ఈరోజే ఎముకల డాక్టరు దగ్గరకి తీసుకెళ్లి రెండు తుంటిలకీ ఎక్స్‌రే తీయించండి. నిటారుగా ఒకటి, కాళ్లు కప్పలా విడదీసి పక్క నుంచి ఒకటి. తుంటికి, మోకాలికి కొన్ని నరాలు ఉమ్మడి. తుంటిలో తేడా వచ్చినా పిల్లలు మోకాలే చూపిస్తారు. ఈ వయసులో, బరువున్న పిల్లలు కొందరిలో తుంటి బంతి ఎదిగే చోట వెనక్కి జారుతుంది. కొంచెం జారినప్పుడు పట్టుకుంటే ఒక స్క్రూతో ఆగిపోతుంది. పూర్తిగా జారితే బంతికి రక్తం ఆగి, పైన పద్మజ గారు చెప్పిన జబ్బే పన్నెండేళ్లకి రావచ్చు. నూనె ఏదీ వద్దు, మర్దన అసలే వద్దు.

ఫిజియో_మాధవి
దయచేసి వెంటనే వెళ్లండి అమ్మా. వెళ్లాక ఇక్కడ ఒక్క మాట రాయండి.

కాకినాడ_అమ్మ
వెళ్లామండి. ఎడమ తుంటి కొంచెం జారిందట. రేపు పొద్దున స్క్రూ వేస్తారు. రెండోవైపు కూడా జారొచ్చు, గమనిస్తామన్నారు. మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు.

కిరణ్_బెంగళూరు
నాకు 31, జిమ్‌లో స్క్వాట్స్ చేస్తే గజ్జలో చురుక్కుమంటుంది, ఎక్కువసేపు కారు నడిపినా అంతే. ఎమ్మారైలో గిన్నె అంచు చిరిగింది, బంతి మెడ దగ్గర ఎముక ఉబ్బు ఉంది అని రాశారు. తుంటి దూరబీను ఆపరేషన్ చేద్దామంటున్నారు. ఇదీ అర్జెంటేనా?

ఎముకల_వార్డు
మీది అర్జెంటు కాదు. ఆ ఉబ్బు గిన్నె అంచుకి తగిలి నలగడం వల్ల నొప్పి వస్తుందని స్విట్జర్లండ్‌లోని బెర్న్‌లో రైన్‌హోల్డ్ గాంజ్, ఆయన తోటివాళ్లు వివరంగా రాసింది 2003లో. ఆ ఆకారం ఉండి కూడా నొప్పి లేనివాళ్లు చాలామంది ఉంటారు, కాబట్టి ఎమ్మారై చూసి మాత్రమే కోయకూడదు. కీలులోకి మత్తు మందు వేసి చూస్తే, ఆ కొన్ని గంటలు నొప్పి పోతే నొప్పి అక్కడిదే అని తేలుతుంది. బ్రిటన్‌లో 348 మందితో చేసిన పరిశోధన 2018లో వచ్చింది. ఆపరేషన్ గుంపు, వ్యాయామం గుంపు రెండూ మెరుగయ్యాయి, ఆపరేషన్ గుంపు కొంచెం ఎక్కువ. కాబట్టి కొన్ని నెలలు మంచి ఫిజియో దగ్గర చేయండి, లోతు స్క్వాట్స్ ఆపండి, తగ్గకపోతే చేయించుకోండి. అప్పటికే కీలు సందు సన్నబడి అరుగుదల ఉంటే మాత్రం ఈ ఆపరేషన్ వల్ల లాభం తక్కువ.

ఫిజియో_మాధవి
కిరణ్ గారూ, కుర్చీ కొంచెం ఎత్తు పెట్టుకోండి, మోకాళ్లు తుంటికంటే కిందికి ఉండేలా. ఈ వారమే తేడా తెలుస్తుంది.

పద్మజ_నిజామాబాద్
మావారు చదివారు. రెండు వైపులా ఒప్పుకున్నారు. ఇంకో సందేహం, 38 ఏళ్లకే మార్పిడి చేస్తే ఎన్నాళ్లు ఉంటుంది? కింద కూర్చోవచ్చా? మాది ఇంట్లో కిందే భోజనం.

ఎముకల_వార్డు
తుంటి మార్పిడిని ఇప్పుడున్న రూపానికి తెచ్చింది జాన్ చార్న్‌లీ, 1962లో ఇంగ్లండ్‌లో. పెద్ద పెద్ద రిజిస్టర్లు కలిపి 2019లో లెక్కేస్తే వందలో సుమారు 58 తుంటిలు 25 ఏళ్లు నిలిచాయి. అవి చాలావరకు పాతకాలపు రకాలు. ఇప్పటి సిరామిక్ బంతి, గట్టిపరిచిన ప్లాస్టిక్ గిన్నె ఇంకా తక్కువ అరుగుతాయి. లోహం మీద లోహం రాసుకునే రకాల్లో ఒకదాన్ని 2010లో ప్రపంచమంతా వెనక్కి తీసుకున్నారు, అలాంటివి ఇప్పుడు మామూలుగా వాడరు. ఏ బంతి, ఏ గిన్నె వేస్తున్నారో మీ సర్జన్ని అడగండి. ఆ పెట్టె మీది స్టిక్కర్ డిశ్చార్జి కాగితం మీద అతికించమనండి. ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ మార్చాల్సి వస్తే ఆ సర్జన్‌కి అదే ఆధారం.

ఫిజియో_మాధవి
కింద కూర్చోవడం గురించి: సర్జన్ ముందు నుంచి చేశారా, వెనక నుంచి చేశారా అన్నదాన్ని బట్టి జాగ్రత్తలు మారతాయి. మొదటి మూడు నెలలు మాత్రం బాసింపట్టు, గొంతుక్కూర్చోవడం, కాలు మీద కాలు వేయడం వద్దు. డైనింగ్ టేబుల్ కొనక్కర్లేదు, ఎత్తు కుర్చీ, ముందు ఒక స్టూలు చాలు. పడుకునేటప్పుడు కాళ్ల మధ్య దిండు. ఇంట్లో దేశీ బాత్రూం ఉంటే ఆపరేషన్‌కి ముందే కమోడ్ కుర్చీ తెచ్చి పెట్టుకోండి.

సుబ్బారావు_తెనాలి
ఖర్చు మాట కూడా చెప్పండి, అందరూ మొహమాటపడుతున్నారు. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్లకి ధర కట్టడి చేసింది. అప్పట్లో మామూలు కోబాల్ట్ క్రోమియం రకానికి 54,720 రూపాయలు, పైన జీఎస్టీ అని పెట్టారు. బిల్లులో ఇంప్లాంట్ వరస విడిగా చూసుకోండి, నేను అలాగే చూసుకున్నాను.

పద్మజ_నిజామాబాద్
మాకు ఆరోగ్యశ్రీ కార్డు ఉందండి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి పది లక్షలకి పెంచారు కదా. తుంటికి వర్తిస్తుందా?

ఎముకల_వార్డు
ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర కౌంటర్ ఉంటుంది, చేరకముందే అక్కడ అడగండి. ఏ ఆపరేషన్‌కి వర్తిస్తుంది, రెండు తుంటిలకీ విడివిడిగా అనుమతి కావాలా అన్నది వాళ్లే చెప్పాలి. వెళ్లేటప్పుడు ఎమ్మారై రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, ఫిల్ములు, సీడీ, కరోనా నాటి డిశ్చార్జి సమ్మరీ కూడా తీసుకెళ్లండి. స్టెరాయిడ్ ఎంత డోసు, ఎన్ని రోజులు వాడారో అందులో ఉంటుంది. రవళి గారూ, మీరు కూడా పొడుగు ఎక్స్‌రే తీయించాక సీడీతో మూడో డాక్టరు గారి దగ్గరకే మొదట వెళ్లండి.